ఇల్లు ఉరుస్తుంటే అద్దెకున్నవాళ్ళు ఏం చెయ్యాలి?

(విశాఖపట్నంలో అద్దె ఇళ్ళలో ఉంటున్న కుటుంబాల కోసం ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో జరిగిన సమావేశంలో, అద్దె కేసులు చూసే ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. సభికుల ప్రశ్నలు, జవాబులు చివర్లో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పనులు వాయిదా వేసుకుని వచ్చారు, సంతోషం. వెనక నిలబడ్డవాళ్ళు కూడా ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఉన్నాయి.

మధ్యలో లేచి వెళ్ళవలసినవాళ్ళు ఉంటారు కాబట్టి ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. ఇల్లు కారుతోందని అద్దె కట్టడం ఆపకండి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఆ పని చేశాకే వస్తారు. "మేడమ్, నాలుగు నెలల నుంచి చెప్తున్నాం, ఓనరు పట్టించుకోవట్లేదు, అందుకే అద్దె ఇవ్వడం మానేశాం" అంటారు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. పిల్లలు పడుకునే మంచం మీద నీళ్ళు పడుతుంటే ఎవరికి కోపం రాదు? కానీ కోర్టులో ఆ కేసు స్లాబు గురించి నడవదు, అద్దె బాకీ గురించి నడుస్తుంది. అప్పటిదాకా తప్పు ఓనరుదే. అద్దె ఆపిన రోజు నుంచి మీరు బాకీదారు అవుతారు. ఖాళీ చేయించడానికి ఆయనకు అంతకంటే మంచి కారణం దొరకదు.

మరి ఏం చెయ్యాలి? కాగితం మీద రాసి ఇవ్వాలి. ఫోన్‌లో అడగడం, గేటు దగ్గర కలిసినప్పుడు చెప్పడం, వాచ్‌మన్‌తో కబురు పంపడం ఇవన్నీ మంచివే, కానీ చట్టం దృష్టిలో మీ హక్కు మొదలయ్యేది నోటీసుతో. దీని గురించే ఇవాళ ఎక్కువ మాట్లాడతాను.

మన ఊరి సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక వాన, అది తగ్గిందనుకునేలోపు అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ హాల్లో ఉన్న చాలామంది ఇక్కడే ఉన్నారు. ఆ గాలికి పిట్టగోడలు విరిగాయి, ట్యాంకులు దొర్లాయి, కిటికీలు ఊడొచ్చాయి. మరో ఇబ్బంది సముద్రపు గాలి. అందులో ఉప్పు ఉంటుంది. స్లాబులో ఎక్కడైనా పగులు ఉండి నీరు లోపలికి దిగితే ఆ నీటితోపాటు ఉప్పు కూడా ఇనుప కమ్మీల దాకా వెళ్తుంది. కమ్మీ తుప్పు పడితే ఉబ్బుతుంది. ఉబ్బి కింద ఉన్న కాంక్రీటును తోసేస్తుంది. మనం "పెచ్చులు ఊడుతున్నాయి" అనేది అదే. అంటే పెచ్చు ఊడేసరికి లోపల కమ్మీ పాడై చాలాకాలం అయిందన్నమాట. అందుకే లాసన్స్ బే కాలనీలోనైనా, వన్‌టౌన్ పాత ఇళ్ళల్లోనైనా, పెదగంట్యాడ వైపైనా పెచ్చులూడటాన్ని రంగు పోయినంత తేలిగ్గా తీసుకోకూడదు.

ఓనర్లు ఎక్కువగా చేసేది ఏమిటంటే, వేసవిలో ఒక పెయింటర్‌ని పిలిచి పుట్టీ పెట్టించి రంగు వేయిస్తారు. జ్వరం వచ్చినవాడికి చెమట తుడిచి మందు ఇచ్చామనుకున్నట్టు ఉంటుంది అది. నీరు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోకుండా గోడకు ఎంత ఖర్చు పెట్టినా మళ్ళీ వానకు అదే మరక అక్కడే తేలుతుంది.

కాబట్టి నోటీసు రాసేముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో మీకు ఒక అంచనా ఉండాలి. దీనికి ఇంజనీరే అక్కర్లేదు. వాన పడిన రోజుల్లోనే తడి పెరిగి, ఎండాకాలం పూర్తిగా ఆరిపోతే మేడ మీది నుంచో బయటి గోడ నుంచో వస్తోందని అర్థం. మే నెలలో కూడా ఆ గోడ చల్లగా, చెమ్మగా ఉంటే లోపల పైపు లీకవుతోంది, లేదా పై అంతస్తు బాత్రూమ్ నీరు దిగుతోంది. రాత్రి అన్ని కుళాయిలూ కట్టేసి, పడుకునేముందు ట్యాంకులో నీటిమట్టం గుర్తు పెట్టుకోండి. తెల్లారేసరికి తగ్గితే పైపుల్లో ఎక్కడో పోతోంది. బాత్రూమ్ మీద అనుమానం ఉంటే నీరు పోయే కన్నం మూసి, నేల మీద రెండంగుళాల నీరు ఒక రోజంతా నిలబెట్టి కింద చూస్తారు. మేడకూ ఇదే పరీక్ష. మేస్త్రులకు ఇది బాగా తెలుసు. గోడ అడుగు నుంచి మోకాలెత్తు దాకా మాత్రమే చెమ్మ ఉండి, తెల్లగా ఉప్పు పొంగుతుంటే నేలలోంచి పైకి ఎక్కుతున్న తడి. ఆరిలోవ లాంటి కొండవాలు ప్రాంతాల్లో ఉన్నవాళ్ళు ఇంకోటి కూడా చూసుకోవాలి. వాన తర్వాత కొండ నీరు వెనక గోడలోంచి ఊరుతుంది. దానికి ఇంట్లో ఎంత ప్లాస్టరింగ్ చేసినా ఆగదు, గోడ వెనక కాలవ తీసి నీటికి దారి ఇవ్వాలి.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. స్విచ్ బోర్డు దగ్గర గోడ తడిసిందా, ఫ్యాన్ హుక్కు దగ్గర నుంచి నీరు చుక్క పడుతోందా, అప్పుడు నోటీసులూ సెక్షన్లూ తర్వాత. ముందు ఆ గదికి కరెంటు ఆపండి. ఆ గది లైను విడిగా లేకపోతే మెయిన్ ఆపండి. తడి చేత్తో బోర్డు ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పండి. ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, ఆ రశీదు దాచండి. బయటి లైనులోనో మీటర్ దగ్గరో సమస్య ఉంటే ఈపీడీసీఎల్, అంటే కరెంటు సంస్థ వాళ్ళకు 1912కి ఫోన్ చెయ్యవచ్చు. మీటర్ తర్వాత ఇంటి లోపలి వైరింగ్ బాధ్యత ఇంటివాళ్ళది. ఆయాసం ఉన్నవాళ్ళు, చంటిపిల్లలు ఉంటే బూజు పట్టిన గదిలో పడుకోబెట్టకండి. డాక్టరుకు చూపిస్తే ఆ చీటీ కూడా ఫైల్లో పెట్టండి.

సరే, చట్టం. ఆస్తి బదిలీ చట్టం, అంటే ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్, 1882 నాటిది. అందులో 108వ సెక్షన్‌లో ఓనరుకు ఉన్న బాధ్యతలు, అద్దెకున్నవాళ్ళకు ఉన్న బాధ్యతలు వరసగా ఉంటాయి. మనకు కావలసినవి ముఖ్యంగా మూడు.

మొదటిది, ఇంట్లో ఉన్న పెద్ద లోపం ఓనరుకు తెలిసి, మీకు తెలియక, మామూలుగా చూస్తే కనిపెట్టలేనిదైతే ఆయన మీకు ముందే చెప్పాలి. ఏప్రిల్‌లో ఇల్లు చూపించారు, గోడలు కొత్త రంగుతో మెరుస్తున్నాయి, జూలైలో మొదటి పెద్ద వానకు పైకప్పు అంతా ఉరిసింది. పక్క వాటావాళ్ళను అడిగితే "ఏటా ఇంతేనండి, ఇంతకుముందు ఉన్నవాళ్ళు కూడా అందుకే వెళ్ళిపోయారు" అన్నారు. అప్పుడు ఈ నిబంధన మీకు పనికొస్తుంది. ఆ పక్కింటివాళ్ళ మాటకు విలువ ఉంది.

రెండోది అసలైనది. ఓనరు చేయించవలసిన మరమ్మతును, మీరు నోటీసు ఇచ్చాక తగిన సమయంలో చేయించకపోతే, మీరే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలోంచి తగ్గించుకోవచ్చు, లేదా ఆయన దగ్గర వేరేగా వసూలు చేసుకోవచ్చు. ఈ వాక్యంలో మూడు మెట్లు ఉన్నాయి, గమనించండి. ఆ మరమ్మతు ఆయన చేయించవలసినదై ఉండాలి. మీరు నోటీసు ఇచ్చి ఉండాలి. తగిన సమయం గడవాలి. ఈ మూడూ దాటాకే డబ్బు తగ్గించుకునే హక్కు. ఒక్కటి తప్పినా మీరు తగ్గించిన డబ్బు అద్దె బాకీ కిందికి వస్తుంది.

"ఆయన చేయించవలసినది" అని ఎలా తేలుతుంది? అగ్రిమెంటుతో. 108వ సెక్షన్ మొదట్లోనే, వేరే ఒప్పందమో స్థానిక ఆచారమో లేకపోతేనే ఇవి వర్తిస్తాయని ఉంది. అంటే మీరు చదవకుండా సంతకం పెట్టిన స్టాంపు కాగితంలో "అన్ని రిపేర్లూ అద్దెదారుడే చేయించుకోవాలి" అని ఉంటే మీ చెయ్యి మీరే కట్టేసుకున్నట్టు. అగ్రిమెంటు రాయించుకునేటప్పుడు జిరాక్స్ షాపు వాళ్ళు కంప్యూటర్లో ఉన్న నమూనాలో పేర్లు మార్చి ప్రింట్ తీసి ఇస్తారు. దయచేసి దాన్ని చదవండి. "స్లాబు, గోడలు, పైకప్పు, లోపలి పైపులు, వైరింగ్‌కు సంబంధించిన మరమ్మతులు ఇంటి యజమాని చేయించాలి" అని ఒక్క వాక్యం చేర్పించండి. ఇల్లు ఇచ్చేటప్పుడు ఏ ఓనరూ దీనికి పెద్దగా అభ్యంతరం చెప్పడు. ఇల్లు కారడం మొదలయ్యాక అడిగితే ఒప్పుకోడు.

మూడోది, తుఫాను, వరద, అగ్నిప్రమాదం లాంటి వాటితో ఇంట్లో ముఖ్యమైన భాగం పూర్తిగా ధ్వంసమైనా, లేదా ఇక నివాసానికి చాలావరకు శాశ్వతంగా పనికిరాకుండా పోయినా, అద్దె ఒప్పందాన్ని రద్దు చేసుకునే వెసులుబాటు అద్దెకున్నవాళ్ళకు ఉంది. నష్టం మీవల్ల జరగకూడదు, అంతే షరతు.

ఇక రాష్ట్ర చట్టం. మనకు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం చాలాకాలం నడిచింది. 2017లో నివాస, నివాసేతర ప్రాంగణాల అద్దె చట్టం చేశారు. ఆ తర్వాత 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఒక మోడల్ అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. మోడల్ చట్టం అంటే నమూనా మాత్రమే, రాష్ట్రం అమలు చేస్తేనే అది చట్టం. అయినా దాన్ని మీరు తెలుసుకోవాలి, ఎందుకంటే ఏ రిపేరు ఎవరిది అన్న గొడవకు అందులో స్పష్టమైన పట్టిక ఉంది. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, గోడలకు సున్నం, తలుపులు కిటికీలకు రంగు, అవసరమైనప్పుడు పైపులు మార్చడం, లోపలి బయటి వైరింగ్ ఓనరువి. కుళాయి, దాని వాషరు, వాష్ బేసిన్, గీజర్, స్విచ్‌లు, సాకెట్లు, తాళాలు, కిటికీ అద్దాలు, కాలవ శుభ్రం చేయించడం అద్దెకున్నవాళ్ళవి. ఓనరుతో మాట్లాడేటప్పుడు ఈ విభజనను ముందు పెట్టండి. మీరు చేయించుకోవలసినవి మీరు చేయించుకుంటున్నారని చూపిస్తే, ఆయన చేయించవలసినవి అడగడానికి మీకు గౌరవంగా ఉంటుంది.

అదే నమూనాలో ఇంకో రెండు సంగతులున్నాయి. మరమ్మతు ఖర్చును అద్దెలోంచి తగ్గించుకున్నా ఒక నెలలో సగం అద్దెకు మించి తగ్గించకూడదు. రాతపూర్వకంగా అడిగినా ఓనరు చేయించక, ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే 15 రోజుల నోటీసు ఇచ్చి ఖాళీ చెయ్యవచ్చు, లేదా అద్దె అధికారి దగ్గరికి వెళ్ళవచ్చు. 1882 చట్టంలో నెలకు సగం అన్న పరిమితి లేదు. అయినా నా సలహా, ఆ పరిమితి పాటించండి. ఉదాహరణకు అద్దె 12,000. మేడ మీద పగుళ్ళు పూడ్పించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించడానికి 9,000 అయింది. ఒక్క నెలలోనే మొత్తం తగ్గించి 3,000 పంపితే ఆయనకు కోపం, మీకు గొడవ. నెలకు 3,000 చొప్పున మూడు నెలలు తగ్గించండి. ప్రతి నెలా 9,000 బ్యాంకు ద్వారా పంపి, "ఫలానా తేదీ నోటీసు ప్రకారం మరమ్మతు ఖర్చులో ఇన్నో వాయిదా మినహాయించాను" అని ఒక మెసేజ్ పెట్టండి. తర్వాత ఈ కాగితాలు చూసిన ఎవరికైనా మీరు నిజాయితీగా నడుచుకున్నారని తెలుస్తుంది.

నోటీసు ఎలా రాయాలో చదువుతాను, కావాలంటే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. లాయరే రాయాలని లేదు. తెలుగులో రాయవచ్చు.

"అయ్యా, మీ ఇంటి మొదటి అంతస్తు వాటాలో నెలకు 12,000 రూపాయల అద్దెకు ఉంటున్నాను. జూలై మొదటి వారం నుంచి వెనక బెడ్‌రూమ్ పైకప్పులోంచి వాన నీరు కారుతోంది. స్లాబు పెచ్చులు ఊడి పడుతున్నాయి. స్విచ్ బోర్డు పక్క గోడ తడిసి ఉంది. ఈ సంగతి మీకు ఫోన్‌లోనూ, వాట్సాప్‌లోనూ తెలియజేశాను. ఫొటోలు జతపరుస్తున్నాను. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా మరమ్మతు చేయించవలసిందిగా కోరుతున్నాను. మేస్త్రి ఏ రోజు వచ్చినా ఉదయం 8 నుంచి సాయంత్రం 6 లోపు ఇంట్లో ఉండి పని చేసుకోనిస్తాం. మీరు చేయించని పక్షంలో, ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం నేనే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకుంటాను. అద్దె మాత్రం క్రమం తప్పకుండా చెల్లిస్తాను."

ఇంతే. తిట్లు వద్దు, బెదిరింపులు వద్దు. తేదీ వేసి సంతకం చేసి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకుని స్పీడ్ పోస్టులో పంపండి. అందినట్టు రుజువు తీసుకోండి. అదే ఉత్తరాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో కూడా పెట్టండి. 15 రోజులు అన్నది చట్టంలో రాసిన గడువు కాదు, నేను సూచిస్తున్నది. తగిన సమయం ఎంత అన్నది పనిని బట్టి ఉంటుంది. పెచ్చులు తల మీద పడే పరిస్థితి ఉంటే మూడు రోజులు కూడా ఎక్కువే. జోరు వానల్లో మేడ మీద వాటర్‌ప్రూఫింగ్ చెయ్యమంటే ఏ మేస్త్రీ చెయ్యలేడు, తడి ఆరాలి. అప్పటిదాకా టార్పాలిన్ కప్పించడం, మేడ మీద నీరు పోయే గొట్టాల్లో చెత్త తీయించడం లాంటి తాత్కాలిక పనులైనా చేయించమని అడగండి.

గడువు దాటింది, ఆయన కదల్లేదు. అప్పుడు ఇద్దరు మేస్త్రులతో విడివిడిగా అంచనా రాయించుకోండి. తక్కువ చెప్పినవాళ్ళతో చేయించండి. పనికి ముందు, మధ్యలో, తర్వాత ఫొటోలు. డబ్బు యూపీఐలో ఇవ్వండి. అవసరమైనంత పనే చేయించండి. కారుతున్న చోటు బాగుచేయించే హక్కు మీకుంది, ఆ పేరు చెప్పి ఇల్లంతా టైల్స్ మార్పించి ఆయన ఖాతాలో వెయ్యకూడదు. పెద్ద పని, లక్షల్లో ఖర్చు, స్లాబే మార్చాలి అన్నప్పుడు మీరు చేయించుకునే దారి మంచిది కాదు. అప్పుడు లాయర్‌ను కలవండి.

వాట్సాప్ మెసేజీల గురించి తరచుగా అడుగుతారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో ఎలక్ట్రానిక్ రికార్డులు సాక్ష్యంగా చెల్లుతాయి, 63వ సెక్షన్ కింద ఒక సర్టిఫికెట్ జతచేయాలి. మీరు చెయ్యవలసిందల్లా ఆ ఫోన్ పారెయ్యకుండా, చాట్ చెరిపెయ్యకుండా ఉండటం.

లాయర్ ఫీజు భయపడేవాళ్ళు దయచేసి ఇది వినండి. జిల్లా కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, కార్మికులకు, ఆదాయ పరిమితిలోపు ఉన్నవాళ్ళకు ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. వరద లాంటి విపత్తులో నష్టపోయినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఆడవాళ్ళకు ఆదాయ పరిమితి కూడా లేదు. చాలా ఇళ్ళల్లో అగ్రిమెంటు భర్త పేరు మీద ఉంటుంది. వచ్చేసారి భార్య పేరు కూడా చేర్చండి. 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. ఇలాంటి తగాదాలకు లోక్ అదాలత్, అంటే రాజీతో కేసులు తేల్చే వేదిక, చాలా మంచి చోటు. కోర్టు ఫీజు ఉండదు. అక్కడ కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఓనరుకూ మీకూ మధ్య మాట పూర్తిగా చెడకుండా పని జరుగుతుంది.

ఇల్లు కూలే స్థితిలో ఉంటే అది మీ ఇద్దరి మధ్య విషయం మాత్రమే కాదు. జీవీఎంసీకి, అంటే మన నగరపాలక సంస్థకు రాసి ఇవ్వండి. ప్రమాదకరంగా ఉన్న కట్టడాల యజమానికి నోటీసు ఇచ్చి బాగుచేయించే, అవసరమైతే ఖాళీ చేయించే అధికారం మున్సిపల్ కమిషనర్‌కు ఉంది. మీ వార్డు సచివాలయంలో ఇవ్వవచ్చు, సోమవారాల్లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలోనూ ఇవ్వవచ్చు. రశీదు నంబరు తీసుకోవడం మరచిపోకండి. ఒక్కటి ఆలోచించుకుని వెళ్ళండి, ఖాళీ చేయమనే ఆదేశం వస్తే మీరు కూడా ఖాళీ చెయ్యాలి. అయినా తల మీద స్లాబు వేలాడుతుంటే పిల్లలతో అక్కడ ఉండమని నేను ఎవరికీ చెప్పలేను.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: మాది అపార్ట్‌మెంట్ అండి, మర్రిపాలెంలో. పై ఫ్లాట్ బాత్రూమ్ నీరు మా కిచెన్‌లో దిగుతోంది. మా ఓనరు "నా తప్పు కాదు, పైవాళ్ళతో మాట్లాడుకోండి" అంటున్నారు. పైవాళ్ళు కూడా అద్దెవాళ్ళే.

జవాబు: మీ ఒప్పందం మీ ఓనరుతో. కాబట్టి నోటీసు ఆయనకే ఇవ్వండి. పై ఫ్లాట్ ఓనరుతో మాట్లాడవలసింది ఆయన. ఆ ఉత్తరం కాపీని అసోసియేషన్‌కు కూడా పంపండి. మేడ, నిలువు పైపులు లాంటివి అందరి ఉమ్మడి భాగాలు, వాటిని చూసుకోవలసింది అసోసియేషన్. బాత్రూమ్ నేల కింద లీకుంటే ఆ బాధ్యత పై ఫ్లాట్‌వాళ్ళది. అందుకే నీరు నిలబెట్టి పరీక్ష చేయించి, లీకు ఎక్కడుందో ప్లంబర్‌తో రాయించుకోవడం ముఖ్యం. మీ బిల్డింగ్ కొత్తదా?

సభికుడు: నాలుగేళ్ళయింది.

జవాబు: అయితే మీ ఓనరుకు ఒక మంచి మాట చెప్పండి. రెరా, అంటే ఇళ్ళు కట్టి అమ్మే బిల్డర్లను నియంత్రించే చట్టం, 14వ సెక్షన్ ప్రకారం ఫ్లాట్ స్వాధీనం చేసిన రోజు నుంచి 5 ఏళ్ళలోపు కట్టడంలో, పనితనంలో లోపం బయటపడితే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. ఆ హక్కు ఫ్లాట్ కొన్నవాళ్ళది. ఇంకో ఏడాదే ఉంది, వెంటనే రాయమనండి. మీకు కావలసింది కిచెన్ ఆరడం, దానికి ఆయన జేబులోంచే ఖర్చు కావాలని లేదు కదా.

ప్రశ్న: మా ఓనరు పెద్దావిడ అండి. వాళ్ళాయన పోయారు, మా అద్దే ఆవిడకు ఆధారం. నోటీసు అంటే బాధపడుతుందేమో. కానీ హాలు మొత్తం చెమ్మ.

జవాబు: మీరు అడిగిన తీరుకు నాకు చాలా సంతోషంగా ఉందమ్మా. ఇలాంటి ఇళ్ళు మన ఊళ్ళో చాలా ఉన్నాయి. ఓనర్లందరూ డబ్బున్నవాళ్ళు కాదు. మీరు ఆవిడ దగ్గర కూర్చుని, "పిన్నిగారూ, మేం ముందు పెట్టుబడి పెట్టి చేయిస్తాం, నెలకు ఇంత చొప్పున అద్దెలో తగ్గించుకుంటాం" అని మాట్లాడండి. ఆవిడ ఇంటి ఖర్చుకు ఇబ్బంది లేనంత మాత్రమే తగ్గించుకోండి. ఒప్పుకుంటే అది ఒక తెల్లకాగితం మీద ఇద్దరి సంతకాలతో ఉండాలి. రేపు ఊళ్ళో లేని కొడుకు వచ్చి అద్దె ఎందుకు తక్కువిస్తున్నారని అడిగితే ఆ కాగితం ఇద్దరినీ కాపాడుతుంది. ఓనర్లు ఎవరైనా ఉంటే వాళ్ళకూ ఒక మాట. అద్దె ఆదాయం మీద ఇన్‌కమ్ టాక్స్ లెక్కలో, మున్సిపల్ పన్ను పోగా మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు ఇస్తారు. మరమ్మతుల్లాంటి ఖర్చుల కోసమే అది. ఖర్చు పెట్టినా పెట్టకపోయినా వస్తుంది. పన్ను కట్టేవాళ్ళు ఆ మినహాయింపు తీసుకుంటూ ఇంటికి పైసా పెట్టకపోవడం న్యాయం కాదు.

ప్రశ్న: నోటీసు ఇచ్చామని మా ఓనరు మోటారు వెయ్యట్లేదు. నీళ్ళు లేవు. ఖాళీ చెయ్యకపోతే తాళం వేస్తానంటున్నాడు.

జవాబు: అలా చేసే హక్కు ఆయనకు లేదు. ఖాళీ చేయించాలంటే చట్టప్రకారం నోటీసు ఇచ్చి, మీరు వెళ్ళకపోతే కోర్టుకు వెళ్ళాలి. నీళ్ళు ఆపడం మీద సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే అలా చెయ్యకూడదనే ఆదేశం, అడగవచ్చు. ఆయన బెదిరింపు మెసేజీలు, ఖాళీ ట్యాంకు, మూసిన వాల్వు వీడియో తీసి పెట్టుకోండి. బలవంతంగా తాళం వేస్తుంటే అప్పటికప్పుడు 112కి ఫోన్ చెయ్యండి. మిమ్మల్ని బయటకు నెట్టేస్తే స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ 6వ సెక్షన్ కింద 6 నెలల్లోపు దావా వేసి మళ్ళీ స్వాధీనం పొందవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్న రాదు, మిమ్మల్ని చట్టప్రకారం కాకుండా వెళ్ళగొట్టారా అన్నదే చూస్తారు. మీరు మీటింగ్ అయ్యాక ఆగండి, న్యాయ సేవాధికార సంస్థకు ఇవ్వడానికి అర్జీ ఇవాళే రాద్దాం.

ప్రశ్న: మా బీరువా, పరుపులు, టీవీ పాడైపోయాయి. వాటికి డబ్బు వస్తుందా?

జవాబు: నోటీసు అందాక కూడా పట్టించుకోకపోవడంవల్ల పాడైతే నష్టపరిహారం అడగవచ్చు. మీరు ముందే చెప్పకుండా, ఒక్కసారిగా తుఫానులో పాడైనవాటికి ఓనరును బాధ్యుణ్ణి చెయ్యడం కష్టం. కొన్న బిల్లులు, రిపేరు షాపు రాసిచ్చిన కాగితం, తేదీతో ఫొటోలు కావాలి. సాధారణంగా మూడేళ్ళలోపు దావా వెయ్యాలి. అయితే నీరు పడే చోట టీవీని అలాగే వదిలేసి నష్టం అడిగితే కోర్టు ఒప్పుకోదు. నష్టం తగ్గించడానికి మీరు చెయ్యగలిగింది చెయ్యాలి. సామాన్లు జరపండి, పాలిథిన్ కప్పండి, కప్పినట్టు ఫొటో తియ్యండి.

ప్రశ్న: మేం విసిగిపోయి ఖాళీ చేసేద్దామనుకుంటున్నాం. గోడలు పాడయ్యాయని అడ్వాన్సులో కోత పెడతామంటున్నారు.

జవాబు: 108వ సెక్షన్‌లోనే దీనికి సమాధానం ఉంది. మీరు తీసుకున్నప్పుడు ఇల్లు ఎలా ఉందో అలా తిరిగి ఇవ్వాలి, కానీ మామూలు వాడకంవల్ల వచ్చిన అరుగుదల, మన చేతుల్లో లేని శక్తులవల్ల వచ్చిన నష్టం అందులో లెక్కలోకి రావు. పైకప్పు కారి వచ్చిన మరక మీది కాదు. మేకులు కొట్టిన గోడలు, పగలగొట్టిన బేసిన్ మీవి. అగ్రిమెంటులో వేరేగా లేకపోతే నెలవారీ అద్దెకు 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇచ్చి ఖాళీ చెయ్యవచ్చు. అందులోనే అడ్వాన్సు ఎంత ఇచ్చారో, ఏ ఖాతాలో వెయ్యాలో రాయండి. చివరి నెల అద్దెను అడ్వాన్సులో సరిపెట్టుకోమని మీ అంతట మీరు ఆపెయ్యకండి, ఆయన ఒప్పుకున్నట్టు మెసేజ్ ఉంటేనే అలా చెయ్యండి. తాళాలు ఇచ్చే రోజు ఓనరును రమ్మని, ఆయన ఎదుటే గదిగదీ వీడియో తియ్యండి. రానంటే ఇద్దరు పక్కింటివాళ్ళను పిలిచి తియ్యండి. తాళాలు అందినట్టు సంతకం తీసుకోండి, కరెంటు మీటర్ రీడింగ్ కూడా ఆ వీడియోలో పడేలా చూసుకోండి, ఆఖరి బిల్లు దగ్గర మళ్ళీ మాట రాకుండా ఉంటుంది.